వైట్‌ఫీల్డ్ వైపు మేం వెళ్ళే కారు సర్వీస్ సెంటర్: ఐదుకు నాలుగు, ఎందుకో చెప్తాను

బెంగళూరులో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట కారు సర్వీస్ మాట ఎత్తితే చాలు, షోరూమ్ వాళ్ళంతా దోచుకుంటారు, వారంటీ అయిపోగానే బయట మెకానిక్ దగ్గరికి పోవడం మేలు అని ఒకే మాట వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. దోచుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించి కూడా కింద రాస్తాను, కానీ మనం సరిగ్గా మాట్లాడితే సరిగ్గా పని చేసే సర్వీస్ సెంటర్లు కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాయి. మేం కొన్నేళ్ళుగా వెళ్తున్నది అలాంటిదే. పేరు రాయడం లేదు. ఇదే కంపెనీ బోర్డు పెట్టుకున్న ఇంకో డీలర్ దగ్గర జరిగింది కూడా ఇందులో ఉంది, ఒకరి పేరు చెప్తే రెండోవాళ్ళెవరో తెలిసిపోతుంది. మీ కారు ఏ కంపెనీదైనా ఇందులో చాలావరకు మీకూ పనికొస్తుంది.

మాది 2019 మోడల్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. నడిపేది ఎక్కువగా నేనే. మారతహళ్ళిలో ఇల్లు, ఐటీపీఎల్ వైపు ఆఫీసు, ఏడాదిలో కొన్నిసార్లు నెల్లూరు ప్రయాణం. అంటే కారుకి రెండు రకాల కష్టం. రోజూ కుందలహళ్ళి దగ్గర మొదటి గేరులోనే పాకుతూ క్లచ్ మీద కాలు పెట్టుకుని పోవడం ఒకటి, ఊరెళ్ళేటప్పుడు కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతూ బ్రేకుల మీద ఆధారపడటం రెండోది. ఈ సంగతి మొదట్లోనే చెప్పడానికి కారణం ఉంది. ఈ సెంటర్‌లో నాకు మొదటిసారి నచ్చింది అక్కడి సర్వీస్ అడ్వైజర్ అడిగిన ప్రశ్నే. కారు తాళం తీసుకుంటూ కిలోమీటర్లు ఎంత తిరిగింది అని అందరూ అడుగుతారు. అతను ఎక్కడ తిరుగుతుంది అని అడిగాడు. చెప్పాను. జాబ్ కార్డులో, అంటే కారు ఇచ్చేటప్పుడు మన కంప్లైంట్లు, చేయాల్సిన పనులు రాసుకునే కాగితంలో, ఒక పక్కన రాసుకున్నాడు కూడా.

అంతకు ముందు వెళ్ళిన డీలర్ గురించి కొంచెం చెప్పాలి. మా ఇంటికి అదే దగ్గర, కారు కొన్నదీ అక్కడే. కొనేటప్పుడు మర్యాదకు లోటు లేదు. సర్వీస్‌కి వచ్చేసరికి కథ మారిపోయింది. కారు నేను తీసుకెళ్తాను, కంప్లైంట్లు నేను చెప్తాను, ఫోన్ మాత్రం మా ఆయనకి చేస్తారు. "సార్, బ్రేక్ క్లీనింగ్ చేయమంటారా, ఇంజిన్ ఫ్లష్ చేయమంటారా" అని ఆయన్ని అడుగుతారు, మీటింగులో ఉన్న మనిషి సరే అనేస్తాడు, బిల్లు పెరిగిపోతుంది. కారు సమస్య తెలిసింది నాకు, ఒప్పుకున్నది ఆయన. నా నంబరే పెట్టుకోండి అని రెండుమూడు సార్లు చెప్పినా మారలేదు. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి, ముఖ్యంగా కారు నడిపే ఆడవాళ్ళు. సమస్య ఏమిటో తెలిసిన మనిషితో కాకుండా వేరేవాళ్ళతో మాట్లాడే చోట రిపేరు సరిగ్గా జరగదు.

తర్వాత సౌండు గొడవ వచ్చింది. ముందు ఎడమ చక్రం వైపు నుంచి, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్ టక్ మని. బెంగళూరు గుంతల్లో తిరిగే కారుకి ఇది మామూలు జబ్బే. అదే డీలర్ దగ్గరికి తీసుకెళ్తే కారుని లిఫ్ట్ మీదకి కూడా ఎత్తకుండా, ముందు రెండు షాక్ అబ్జార్బర్లూ పోయాయి, పైన మౌంట్లతో సహా మార్చాలి అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆలోచించుకుని వస్తామని చెప్పి బయటికి వచ్చేశాం.

ఆ కాగితం పట్టుకునే ఈ రెండో సెంటర్‌కి వెళ్ళాం. అడ్వైజర్ చింతామణి వైపు కుర్రాడు, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు నుంచి వచ్చి ఈ సెంటర్లలో పని చేసేవాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు, కాబట్టి భాష గురించి టెన్షన్ పడొద్దు. మేం ఎస్టిమేట్ చూపించబోతే "అక్కా, అది లోపల పెట్టండి, ముందు సౌండు నాకు వినిపించండి" అన్నాడు. ఒక సీనియర్ టెక్నీషియన్‌ని పిలిచి నా పక్క సీట్లో కూర్చోబెట్టాడు. సెంటర్ వెనకాల రోడ్డు మీద వరసగా స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి, నన్నే నడపమన్నారు. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి కొంచెం వేగంగా, ఒకసారి ఎడమ చక్రం ఒక్కటే ఎక్కేలా. తిరిగి వచ్చాక లిఫ్ట్ మీద పెట్టి, నన్ను కిందికి పిలిచి, చేత్తో పట్టుకుని ఊపి చూపించారు. స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో కారు ఒరిగిపోకుండా పట్టే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్డు) జాయింటు అరిగిపోయింది. షాక్ అబ్జార్బర్ మీద ఆయిల్ కారిన మరక లేదు, కారు ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి పైకి లేచి నిలబడిపోతోంది, అంటే షాకర్లు బాగానే ఉన్నట్టు. లింక్ రాడ్ అనేది షాకర్ల ఖర్చుతో పోలిస్తే ఎంతో తక్కువలో పోయే వస్తువు. రెండు వైపులా మార్చారు. అరిగిపోయిన పాతవి కవర్లో పెట్టి డిక్కీలో ఉంచారు, అడగకుండానే. సౌండు పోయింది.

అప్పటి నుంచీ అక్కడికే. ఒక్కసారి బాగా చేశారని నమ్మేసి ఊరుకోలేదు, ఆ తర్వాత ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. ఏం చూశానో, మనవైపు నుంచి ఏం చేస్తే వాళ్ళు ఇంకా బాగా చేస్తారో రాస్తాను.

ముందు ఒక సంగతి. డీలర్ వేరు, కంపెనీ వేరు. బోర్డు ఒకటే అయినా లోపల వ్యాపారం డీలర్‌ది. అందుకే ఒకే కంపెనీ సెంటర్లలో ఒకటి స్వర్గం, ఇంకోటి నరకం. కానీ మన కారు సర్వీస్ రికార్డు కంపెనీ సిస్టంలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరో ఛాసిస్ నంబరో కొడితే అదే కంపెనీ వేరే సెంటర్‌లో కూడా కనబడుతుంది. కాబట్టి కొన్నచోటే సర్వీస్ చేయించాలన్న రూలేం లేదు, సెంటర్ మారితే పాత చరిత్ర పోతుందన్న భయమూ అక్కర్లేదు. నచ్చకపోతే మారండి. నచ్చిన చోట మాత్రం నిలవండి. ప్రతిసారీ డిస్కౌంట్ కూపన్ ఎక్కడ దొరికితే అక్కడికి పోయేవాళ్ళని ఏ అడ్వైజరూ గుర్తుపెట్టుకోడు.

నిలవడం అంటే సెంటర్ ఒక్కటే కాదు, మనిషి కూడా. బుకింగ్ చేసేటప్పుడు నేను అడ్వైజర్ పేరు చెప్పి అతని స్లాటే అడుగుతాను. దానికోసం రెండు రోజులు ఆగాల్సి వచ్చినా ఆగుతాను. మన కారు పోయినసారి ఏ కండిషన్‌లో ఉందో తెలిసిన మనిషి ఉంటే అదే కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పే పని ఉండదు. పోయిన సంక్రాంతి ముందు ఇదే పనికొచ్చింది. బ్రేక్ ప్యాడ్లు చూపించి, "5 మిల్లీమీటర్లు ఉన్నాయక్కా, 3 దగ్గరికి వస్తే మారుస్తాం, పోయినసారికీ ఇప్పటికీ అరిగిన లెక్క చూస్తే మీరు ఊరెళ్ళి రావచ్చు, వచ్చే సర్వీస్‌కి మారుద్దాం" అన్నాడు. ఘాట్ రోడ్డు దిగుతానని తెలిసిన మనిషి, పాత కొలత చూసి మరీ చెప్పిన మాట అది. ప్యాడ్లు మార్చమంటే నేను అప్పుడే మార్పించేదాన్ని, బ్రేకుల విషయంలో ఎవరు మాత్రం వద్దంటారు? అమ్ముకునే అవకాశం ఉండి కూడా అమ్మలేదు. అందుకే ఆ తర్వాతి సర్వీస్‌లో మార్చాలి అన్నప్పుడు ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

కంప్లైంట్ చెప్పే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే గొడవలు సగం ఇక్కడే మొదలవుతాయి. "కారు ఏదోలా ఉంది, చూడండి" అంటే వాళ్ళు ఏం చూడాలి? జాబ్ కార్డులో జనరల్ చెకప్ అని రాస్తారు, సాయంత్రం ఓకే మేడమ్ అంటారు, మనం దారిలోనే మళ్ళీ అదే సౌండు వింటాం. నేను వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకుంటాను. సౌండు ఎటువైపు నుంచి, ఏ స్పీడులో, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా లేక ఇంజిన్ వేడెక్కాకా, బ్రేక్ వేస్తేనా, స్టీరింగ్ తిప్పితేనా, ఏసీ వేసినప్పుడే వస్తుందా, వాన రోజుల్లోనా. వచ్చినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే ఫోన్‌లో రికార్డ్ చేయమంటాను. డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలిగితే ఫోటో, అది కూడా కారు ఆపాకే. వీటితో పాటు ఒకటి గుర్తుపెట్టుకోండి, రోగం పేరు మనం చెప్పకూడదు. "క్లచ్ పోయింది, మార్చండి" అని మనమే చెప్తే వాళ్ళు క్లచ్ మారుస్తారు, బిల్లు కడతాం, అసలు సమస్య ఇంకేదైనా అయితే అది అలాగే ఉంటుంది. లక్షణాలు మనవి, నిర్ణయం వాళ్ళది. డాక్టర్ దగ్గరైనా ఇంతే కదా.

ఆ కాగితాన్ని అడ్వైజర్ జాబ్ కార్డుకి పిన్ చేసి లోపలికి పంపిస్తాడు. టెక్నీషియన్‌కి నా మాటలు నా మాటల్లోనే చేరతాయి. పాత డీలర్ దగ్గర ఇదే కాగితం ఇస్తే మడిచి డ్రాయర్లో పెట్టారు.

జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు చదవండి, ఎంత హడావుడిలో ఉన్నా. కిలోమీటర్ల రీడింగు, పెట్రోల్ ఎంత ఉంది, ఉన్న గీతలు సొట్టలు, మనం చెప్పిన కంప్లైంట్లు అన్నీ, అంచనా ఖర్చు, ఇస్తామన్న టైము. ఇందులో ఏది లేకపోయినా రాయించండి. "ఎస్టిమేట్ దాటితే నాకు ఫోన్ చేసి అడిగాకే చేయాలి" అని నేను చేత్తో రాస్తాను. ఇక్కడ దానికి ఎవరూ మొహం మాడ్చుకోలేదు. అది వాళ్ళని అనుమానించడం కాదు, సాయంత్రం బిల్లు కౌంటర్ దగ్గర ఇద్దరికీ గొడవ లేకుండా చేసుకోవడం.

అదనంగా అంటగట్టే సర్వీసుల మాటకొస్తే, ఇక్కడ కూడా అడుగుతారు. దాచడం దేనికి. ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంజెక్టర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్, టెఫ్లాన్. అడ్వైజర్లకి వీటి మీద నెలనెలా టార్గెట్లు ఉంటాయి, పై నుంచి ఒత్తిడి ఉంటుంది, కాబట్టి అడిగినందుకు కోపం తెచ్చుకోవడం అన్యాయం. వద్దంటే వద్దు అని రాసుకుని ముందుకెళ్తున్నాడా లేక భయపెడుతున్నాడా అన్నదే చూడాలి. నేను మొదట్లోనే ఒక మాట చెప్పేశాను, ఓనర్స్ మాన్యువల్ చివర్లో మెయింటెనెన్స్ షెడ్యూల్ టేబుల్ ఉంటుంది కదా, అందులో ఉన్నది ఏదైనా అడక్కుండా చేసేయ్, అందులో లేనిది ఏదైనా కారణం చెప్పి చెయ్యి అని. అతను ఒప్పుకున్నాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. అండర్‌బాడీ కోటింగ్, అంటే కారు అడుగున వేసే పూత, అవసరమా అని నేను అడిగితే, కారు ఎక్కువగా బెంగళూరులోనే ఉంటుంది కదా, సముద్రం పక్కన కాదు కదా అని అతనే అన్నాడు. మైపాడు దగ్గర ఉండే మా బాబాయి వాళ్ళకైతే, చెన్నైలో బీచ్ పక్కన ఉండేవాళ్ళకైతే ఉప్పు గాలికి తుప్పు భయం ఉంది, వాళ్ళు చేయించుకుంటే అర్థం ఉంది.

అలాగని అన్నీ వద్దనకండి. ఏసీ ఫిల్టర్ మాన్యువల్‌లో రాసినదానికంటే ముందే మార్చమంటే నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే తీసి చూపించాడు, మెట్రో పనుల దుమ్మంతా అందులోనే ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ మాటైతే అస్సలు వాయిదా వేయకండి. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, నీరు చేరిన ఫ్లూయిడ్ ఘాట్‌లో వరసగా బ్రేకులు వేసినప్పుడు వేడికి మరిగిపోయి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఆపే వస్తువు కాదు అది.

డబ్బుల సంగతి. విడిభాగాల మీద ఎంఆర్‌పీ ఉంటుంది, దాని మీద బేరాలాడి లాభం తక్కువ. లేబర్ ఛార్జీలో మాత్రం డీలర్‌కి వెసులుబాటు ఉంటుంది, తగ్గించేది ఏదైనా అక్కడే. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, కాబట్టి పాత బిల్లు పక్కన పెట్టుకుని కొత్త బిల్లులో పన్ను లైను చూసుకోండి. ఫ్రీ సర్వీస్ అంటే ఫ్రీ అయ్యేది లేబరే, ఆయిల్, ఫిల్టర్ డబ్బులు మనవే. కొత్తగా కారు కొన్నవాళ్ళు చాలామంది ఇక్కడే మొదటి గొడవ పెట్టుకుంటారు, అడ్వైజర్ మీద అనవసరంగా అరుస్తారు. నేను అడిగే డిస్కౌంట్ ఏడాదికి ఒకసారి, పెద్ద బిల్లు వచ్చినప్పుడు మాత్రమే, అది కూడా లేబర్ మీద. ప్రతిసారీ వంద రూపాయల కోసం పీక్కుంటే నిజంగా అవసరమైన రోజున అడగడానికి నోరు రాదు.

ఆ అవసరమైన రోజు మాకు వచ్చింది. వారంటీ అయిపోయిన కొద్ది రోజులకే ఏసీ కంప్రెసర్ పోయింది. మే నెల, బెంగళూరులో కూడా ఎండ మండిపోతోంది. కంప్రెసర్ అంటే చిన్న ఖర్చు కాదు. ఇలాంటప్పుడు గుడ్‌విల్ అని ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. వారంటీ దాటినా, కారు అన్ని సర్వీసులూ టైముకి, కంపెనీ సెంటర్లలోనే జరిగి ఉంటే, డీలర్ కంపెనీకి రాసి విడిభాగం ఖర్చులో కొంత భరించమని అడగొచ్చు. అది మన హక్కు కాదు, ఇవ్వాలని రూలు లేదు, కంపెనీ ఇష్టం. కానీ అడగాలంటే రాసేవాడు ఉండాలి, రాయడానికి రికార్డు ఉండాలి. మా అడ్వైజర్ నేను అడగకముందే "రాసి చూద్దామక్కా" అన్నాడు, వర్క్‌షాప్ మొత్తం చూసుకునే వర్క్స్ మేనేజర్‌తో మాట్లాడి ఫోటోలు, సర్వీస్ హిస్టరీ పెట్టి మెయిల్ పంపించాడు. జవాబు రావడానికి వారం పైనే పట్టింది, అప్పటిదాకా అద్దాలు దించుకుని తిరిగాం. పార్టు ఖర్చులో సగం కంపెనీ పెట్టుకుంది, మిగతా సగం, లేబర్ మేం కట్టాం. బయట గరాజుల్లో తక్కువకి చేయించుకునే స్నేహితులు నన్ను ఎప్పుడూ అడుగుతుంటారు, అంత డబ్బు షోరూమ్‌కి ఎందుకు పోస్తావని. లెక్క వేసి చూపిస్తే ఆ ఒక్క కంప్రెసర్‌లోనే తేడా చాలావరకు వెనక్కి వచ్చేసింది.

ఏది వారంటీలోకి వస్తుంది, ఏది రాదు అనేది కూడా ముందే తెలుసుకుని వెళ్ళండి. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు అరిగే వస్తువులు, అవి రావు. మారతహళ్ళి ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్ సగం తొక్కి పట్టుకుని, నడిపి క్లచ్ పోతే కంపెనీది తప్పు అనడం కుదరదు. టైర్లకి, బ్యాటరీకి వాటిని తయారు చేసిన కంపెనీల వారంటీ ఉంటుంది. ఎలకలు కొరికిన వైర్లు కూడా వారంటీలో రావు, మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో ఇది పెద్ద బాధ. మా బ్లాకులో ఒకాయన బయట కొన్న ఫాగ్ ల్యాంపుల కోసం ఒరిజినల్ వైరు కోయించుకున్నాడు, తర్వాత హెడ్‌లైట్ స్విచ్ పోతే వారంటీ ఇవ్వలేదు, సెంటర్‌లో గంటసేపు అరిచి వచ్చాడు. వారంటీ బుక్‌లెట్‌లో అది స్పష్టంగానే రాసి ఉంది. అడ్వైజర్ చేతిలో లేనిదానికి అడ్వైజర్‌ని తిట్టి ఏం ప్రయోజనం?

ఈ సెంటర్ మీద నాకు గౌరవం పెరిగింది మాత్రం మా కారు వల్ల కాదు. 2022 సెప్టెంబర్ వానలు గుర్తున్నాయి కదా, ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు, యెమలూరు మునిగిపోయి జనాలు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయిన రోజులు. మా చెల్లెలు వాళ్ళ బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి, కారు సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీయగానే మరిది స్టార్ట్ చేసి చూద్దామని బయల్దేరుతుంటే నేను ఈ అడ్వైజర్‌కి ఫోన్ చేశాను. వాళ్ళ కారు అసలు వీళ్ళ కంపెనీది కూడా కాదు. రాత్రి తొమ్మిది దాటింది. అయినా ఎత్తాడు. "అక్కా, తాళం కూడా పెట్టనివ్వొద్దు, బ్యాటరీ తీగలు తీయించండి, ఫోటోలు తీసి ఇన్సూరెన్స్‌కి చెప్పండి, టోయింగ్‌లోనే పంపండి" అన్నాడు. ఇంజిన్ సిలిండర్లలోకి నీళ్ళు చేరాక స్టార్ట్ చేస్తే, గాలిలాగా నీరు నొక్కుకోదు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజిన్ మొత్తం పోతుంది. పైగా ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (ఇంజిన్ నష్టానికి విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు కవర్) లేని పాలసీ అయితే అలా స్టార్ట్ చేసినందువల్ల జరిగిన నష్టాన్ని ఇన్సూరెన్స్ వాళ్ళు సాధారణంగా ఇవ్వరు. మరిది చేయి పెట్టలేదు. వాళ్ళ కారు సీట్లు, వైరింగ్ పోయాయి కానీ ఇంజిన్ దక్కింది. తనకి రూపాయి లాభం లేని విషయంలో రాత్రిపూట ఓపిగ్గా చెప్పిన మనిషిని నేను ఎలా మర్చిపోతాను?

మనం వాళ్ళకి ఏం చేయగలం అంటే, పెద్దగా ఏం లేదు, కానీ ఉన్నవి చేయాలి. సర్వీస్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది, పదికి ఎంత ఇస్తారు అని. చాలాచోట్ల ఈ లెక్కలో 9, 10 మాత్రమే మంచి మార్కుల కింద లెక్క, 7, 8 ఇస్తే మనం మెచ్చుకున్నాం అనుకుంటాం కానీ అక్కడ అది లెక్కలోకే రాదు. ఈ మార్కులతో వాళ్ళ ఇన్సెంటివ్ ముడిపడి ఉంటుంది. పని బాగుంటే నేను 10 ఇస్తాను, ఎవరు చేశారో పేరుతో చెప్తాను. బాగాలేకపోతే కాల్ దాకా ఆగను, డెలివరీ తీసుకునేటప్పుడే అక్కడే చెప్తాను, సరి చేసే అవకాశం ఇస్తాను. ఒకసారి చక్రాల అలైన్‌మెంట్ చేశాక కూడా కారు కుడికి లాగుతోంది, గేటు దగ్గర నుంచే వెనక్కి తిప్పాను, ఇంకో అరగంట కూర్చోబెట్టి సరి చేసి ఇచ్చారు. టెక్నీషియన్‌కి చేతిలో డబ్బులు పెట్టడం నాకు నచ్చదు. దాని బదులు వర్క్స్ మేనేజర్‌కి రెండు లైన్ల మెయిల్, ఫలానా టెక్నీషియన్ ఫలానా పని బాగా చేశాడని. లింక్ రాడ్ కనిపెట్టిన ఆయన గురించి అలాగే రాశాను, ఆ మెయిల్ ప్రింట్ తీసి లోపల బోర్డుకి పెట్టారట. సంక్రాంతికి నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు మలై కాజా ఒక పెట్టె తెస్తాను, ఫ్లోర్‌లో అందరికీ. అది పనికి లంచం కాదు, పండక్కి ఇంటివాళ్ళకి ఇచ్చినట్టే ఇస్తాను.

టైము చూసుకుని వెళ్ళడం కూడా ముఖ్యమే. శనివారం పొద్దున వద్దు. సంక్రాంతి ముందు వారం అస్సలు వద్దు, బెంగళూరులో ఉన్న ఆంధ్రావాళ్ళంతా అప్పుడే క్యూ కడతారు, టెక్నీషియన్ మీ కారు మీద పెట్టాల్సిన గంటలో మూడు కార్లు చూస్తాడు. నేను డిసెంబర్ చివర్లోనే చేయించేస్తాను. దసరాకి ఆయుధపూజ రోజు పనిముట్లన్నీ కడిగి పూజలో పెడతారు, ఆ రోజు పని జరగదు, ఆ చుట్టుపక్కల రెండు రోజులు కూడా నెమ్మదే. మంగళ, బుధవారాల్లో ఎనిమిదిన్నరకల్లా వెళ్తే అడ్వైజర్ మనతో కారు చుట్టూ తిరిగి మాట్లాడే తీరిక ఉంటుంది. సాయంత్రం ఐదున్నర నుంచి డెలివరీల హడావుడి, అప్పుడు కొత్త కంప్లైంట్ చెప్పడం ఇద్దరికీ ఇబ్బందే.

అన్నీ కుదిరినా పని చెడేచోట్లు ఉన్నాయి. మీరున్న సెంటర్‌లో చెప్పని పని చేసి బిల్లు వేస్తే, అడ్వైజర్, వర్క్స్ మేనేజర్, ఆ తర్వాత కంపెనీ కస్టమర్ కేర్, ఇదే వరస, ప్రతి మెట్టూ రాతపూర్వకంగా. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవలో లోపం కూడా ఫిర్యాదుకి తగిన కారణమే. జాబ్ కార్డు, బిల్లు, మెసేజ్‌లు దాచుకున్నవాళ్ళ మాటకే అక్కడ బలం.

ఇక ఐదుకు ఐదు ఎందుకు ఇవ్వలేదో చెప్తాను. రిసెప్షన్ ఫోన్ ఎత్తరు. అడ్వైజర్ నంబరు ఉన్న నాలాంటివాళ్ళకి ఇబ్బంది లేదు, కొత్తగా వచ్చేవాళ్ళు మాత్రం బుకింగ్ కోసం రోజంతా కొట్టుకోవాలి. వాషింగ్ నాణ్యత ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు, ఫ్లోర్ మ్యాట్లు తడిగానే వేసి ఇస్తారు, వానాకాలంలో మూడు రోజులు కారంతా వాసన. పికప్ డ్రాప్ ఉంది అంటారు కానీ మారతహళ్ళి బ్రిడ్జి దాటి రావాలంటే డ్రైవర్లు లేరంటారు. వెయిటింగ్ హాల్లో కాఫీ మిషన్ బాగుంది, ఆడవాళ్ళ టాయిలెట్ శుభ్రంగా ఉంటుంది, ఇది రాయాలి ఎందుకంటే చాలా సెంటర్లలో ఉండదు.

వర్క్స్ మేనేజర్ గారూ, ఇది మీ కళ్ళబడితే, పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఫోన్ ఎత్తడానికి ఒక్క మనిషిని పెట్టండి, చాలు. మీ ఫ్లోర్ మీద జరిగే మంచి పని దగ్గరికి మనుషులు చేరాల్సింది ఆ ఫోన్ నుంచే. మ్యాట్లు ఆరాక వేయమని వాషింగ్ వాళ్ళకి కూడా చెప్పండి. వచ్చే నెలలో నా సర్వీస్ ఉంది, ఈ రెండూ సరి అయితే మార్కు మార్చి ఐదు చేస్తాను.